ఈ ఆదివారం శల్యుడి సంగతి

అందరికీ నమస్కారం. ఈ ఆదివారం ట్యాంక్‌బండ్ మీద తిక్కన విగ్రహం దగ్గరే, పొద్దున ఆరున్నరకి. మహాభారతంలో ఉద్యోగపర్వం చదవడం మొదలుపెడుతున్నాం. గ్రూప్‌లో మళ్ళీ కర్ణుడా అర్జునుడా అని కొట్టుకోకండి, మూడు వారాలుగా అదే గోల, నాకైతే విసుగొచ్చింది.

ఈసారి శల్యుడు. మాద్రికి అన్న, అంటే నకుల సహదేవులకి సొంత మేనమామ, పాండవుల కోసమే సైన్యంతో బయల్దేరాడు కానీ దారి పొడవునా విడిదులు, భోజనాలు ఏర్పాటు చేసింది దుర్యోధనుడని తెలియక, ధర్మరాజు మర్యాదే అనుకుని మురిసిపోయి, ఏం కావాలో కోరుకోమన్నాడు. ఇంకేముంది, దుర్యోధనుడు తన వైపు యుద్ధం చేయమని అడిగాడు, ఒక అక్షౌహిణి సైన్యం అటు వెళ్ళిపోయింది. లెక్క చెప్పాలంటే 21,870 రథాలు, అన్నే ఏనుగులు, 65,610 గుర్రాలు, 1,09,350 మంది కాల్బలం, అంతా భోజనం పెట్టినందుకు! (మన పెళ్ళిళ్ళలో మర్యాదలు తక్కువయ్యాయని అలిగే మామయ్యలు దీని ముందు ఎంత.)

ధర్మరాజు మాత్రం తక్కువవాడా? మాట ఇచ్చావుగా వెళ్ళు మామా, కర్ణుడికి సారథివైనప్పుడు మాత్రం వాడి ఉత్సాహం చల్లార్చు అని అడిగాడు. పదిహేడో రోజు అదే జరిగింది. శల్య సారథ్యం అని మనం అనేది అందుకే. అలా అడగడం ధర్మమేనా? నాకైతే కాదనే అనిపిస్తుంది, ఒప్పుకోని వాళ్ళు ఆదివారం వచ్చి మాట్లాడండి.

పుస్తకం ఉన్నవాళ్ళు తెచ్చుకోండి, ఫ్లాస్కులో టీ నేను తెస్తా.