మంత్రి గారూ, తాళం వేసిన ఈ షెడ్డులో ఏం పెట్టుకోమంటారు?

రాష్ట్ర చిన్న పరిశ్రమల శాఖ మంత్రి గారికి,

తిరుపతిలో లేత్ మిషన్ మీద బతికే ఒక పనివాడు నమస్కరించి రాస్తున్న లేఖ.

రేణిగుంట రోడ్డు వైపున్న పాత పారిశ్రామిక వాడలో మా షెడ్డుకు ఆనుకుని ఇంకో షెడ్డు ఉంది. మూడేళ్లుగా తాళమే. యజమాని పోయారు, పిల్లలు బెంగళూరులో స్థిరపడ్డారు. దాన్ని నేను అద్దెకు తీసుకుందామనుకుని, అందులో ఏ పని పెట్టుకోవచ్చో చెప్పమని మూడు కార్యాలయాలకు తిరిగాను. పరిశ్రమ కోసం ఇచ్చిన స్థలం కాబట్టి పరిశ్రమే పెట్టాలని ఒక చోట అన్నారు. చుట్టూ ఇళ్లు వచ్చేశాయి, చప్పుడు చేసే పని కుదరదని రెండో చోట చెప్పారు. మూడో చోట కుర్చీ వేసి, టీ ఇప్పించి, శ్రీసిటీ పారిశ్రామిక నగరానికి వెళ్లమన్నారు. అయ్యా, శ్రీసిటీ ఉన్నది తడ దగ్గర, తమిళనాడు సరిహద్దులో. తిరుపతిలో లాడ్జి నీళ్ల మోటారు షాఫ్టు విరిగితే యజమాని దాన్ని అంత దూరం మోసుకెళ్తాడా?

రోజుకు 60, 70 వేల మంది దర్శనానికి వచ్చే కొండ కింద ఊరు ఇది. ఇక్కడి పనంతా ఆ జనం చుట్టూనే. హోటళ్ల పొయ్యిలు, గ్రైండర్లు, వంట పాత్రలు, సత్రాల ఇనుప మంచాలు, తలుపుల గ్రిల్లులు. వీటిని చేసేవాడు, బాగుచేసేవాడు ఊళ్లోనే ఉండాలి.

ఆ షెడ్డు అన్నిటికీ పనికొస్తుందని నేను అనను. సందులో పెద్ద లారీ తిరగదు, కాబట్టి బరువైన పోత పనులు వద్దు. లాడ్జీల దుప్పట్లు ఉతికే పని పెడదామని ఒక మిత్రుడు ముచ్చటపడ్డాడు. కల్యాణి డ్యాం అడుగంటిన వేసవిలో తెలుగుగంగ నీటి కోసం ఊరంతా ఎదురుచూస్తుంటే, ఆ పనికి నీళ్లెక్కడివి? అసలు చిక్కు నేల మట్టం. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే కొత్తది పోశారు. ఇప్పుడు గడప కంటే రోడ్డే జానెడు ఎత్తు. 2021 నవంబరు వరదలో మా షెడ్డులో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. మోటారు చుట్టించుకోవడానికే నెల సంపాదన పోయింది. నేల ఎత్తు పెంచి, కాలువ బాగుచేస్తే ఫ్యాబ్రికేషనుకు, ప్యాకింగుకు, చిన్న అచ్చుపనికి ఆ షెడ్డు బంగారం. మూడు ఫేజుల కరెంటు ఉంది. పనివాళ్లు సైకిలు మీద రాగలరు.

ఈ మాట చెప్పడానికి నాలాంటివాడికి పది నిమిషాలు పట్టింది. మీ శాఖ చెప్పలేకపోతుందా? వాడలో ఖాళీగా ఉన్న ప్రతి షెడ్డుకూ ఒక కాగితం రాయించండి. కరెంటు ఎంత, దారి వెడల్పు ఎంత, మురుగు ఎటు పోతుంది, ఏ పనికి అనుమతి ఉంది, ఏ పనికి లేదు. కాలుష్యం దాదాపు లేని పనులను 2016లోనే తెల్ల వర్గంలో చేర్చారు. వాటికి ముందస్తు అనుమతి అక్కరలేదు, కాలుష్య నియంత్రణ మండలికి సమాచారం ఇస్తే చాలు. అది కూడా కౌంటరు దగ్గర ఎవరూ చెప్పలేదు, నేనే వెతికి చదువుకున్నాను.

నియోజకవర్గానికి ఒకటి చొప్పున 175 చిన్న పరిశ్రమల పార్కులు కడతామని మీ ప్రభుత్వం అంటోంది. సంతోషం. రెండున్నర కోట్ల వరకు పెట్టుబడి ఉన్నవాడు కూడా ఇప్పుడు సూక్ష్మ పరిశ్రమేనట. అందులో పదో వంతు కూడా లేని నాకు కొత్త పార్కులో స్థలం దొరికేదెప్పుడో గాని, గోడ అవతలే పైకప్పుతో సహా షెడ్డు ఉంది.

దాన్ని కల్యాణ మండపానికి అడుగుతున్నవారున్నారు. సంక్రాంతి దాకా ఆగుతామని యజమాని పిల్లలు నాకు మాట ఇచ్చారు.

స్వామి దర్శనానికి మీరు ఎలాగూ వస్తుంటారు. రేణిగుంటలో విమానం దిగి కొండకు వెళ్లేటప్పుడు కాస్త పక్కకు తిరిగితే మా వాడే. వాన పడిన మర్నాడు వస్తే మరీ మంచిది.

ఇట్లు,
పక్క షెడ్డువాడు