మట్టి పని నేర్చినవారికి ఉమ్మడి ఆవం కావాలి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

వేసవి వచ్చిందంటే లలితకళల కళాశాలల్లో చివరి సంవత్సరం విద్యార్థుల ప్రదర్శనలు మొదలవుతాయి. సిరామిక్స్, అంటే మట్టి పాత్రల కళ, చదివి వచ్చి, ఏడేళ్లుగా రాజమహేంద్రవరంలో చిన్న స్టూడియో నడుపుకుంటున్నాను కాబట్టి, ఆ ప్రదర్శన ముగిసిన మర్నాటి సంగతిని మీ పత్రిక ద్వారా ప్రభుత్వం దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను. చిత్రకళ చదివినవారు ఇంటికి వెళ్లాక కూడా ఏదో ఒక గది మూల కూర్చుని బొమ్మలు వేసుకోగలరు. మట్టి పని నేర్చినవారికి మాత్రం కళాశాల గేటు దాటగానే పాత్రలు కాల్చే ఆవం ఉండదు. మేం కిల్న్ అని పిలిచే ఆ ఆవం లేకపోతే చేసినదంతా పచ్చిమట్టే.

ఒక ప్రదర్శన వెనుక ఎంత పని ఉంటుందో కొంచెం చెప్పనివ్వండి. మట్టి ఆరేటప్పుడు కొంత, కాలేటప్పుడు కొంత, మొత్తం మీద సాధారణంగా నూటికి పది నుంచి పదిహేను పాళ్లు కుంచించుకుపోతుంది కాబట్టి, పది అంగుళాల గిన్నె కావాలంటే కుమ్మరి సారె మీద పదకొండున్నర అంగుళాలకు తీయాలి. తడి ఆరకముందే ఆవంలో పెడితే లోపలి నీరు ఆవిరై పాత్ర పేలిపోతుంది. సుమారు 1000 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒకసారి కాల్చి, గాజులా కరిగి అంటుకునే గ్లేజ్ పూత పూసి, స్టోన్‌వేర్ అనే గట్టి రకం పాత్రలైతే 1200 నుంచి 1300 డిగ్రీల మధ్య మళ్లీ కాల్చాలి. చల్లారేటప్పుడు తొందరపడి తలుపు తీస్తే, 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ అనే ఖనిజం ఒక్కసారిగా కుదించుకోవడం వల్ల పాత్రకు బీట పడుతుంది.

నా ప్రదర్శనకు పది రోజుల ముందు ఆవం తెరిస్తే, గ్లేజ్ కారి ఆరు గిన్నెలు, వాటిని పెట్టిన ఆవం పలకకు అతుక్కుపోయి ఉన్నాయి. ఉలి పెట్టి కొడితే గిన్నెలు ఊడి వచ్చాయి గానీ అడుగులు పలకకే ఉండిపోయాయి. మా గురువుగారు కోప్పడలేదు. గ్లేజ్ ఎంత మందాన పూశావు, ఏ వరుసలో పెట్టావు, గంటకు ఎన్ని డిగ్రీలు పెంచావు అని ఒక్కొక్కటీ అడిగి, అప్పటికప్పుడు నా చేత రాయించారు. ఆ నోట్‌బుక్కు నేటికీ నా ఆవం పక్కనే ఉంది. ఆ ప్రదర్శనలో అమ్ముడుపోయిన పాత్రల డబ్బు రెండు నెలల అద్దెకు సరిపోయింది. ఆ నోట్‌బుక్కుతో నేను ఇప్పటికీ బతుకుతున్నాను. అందుకే ఇప్పుడు ప్రదర్శనకు సిద్ధమవుతున్న పిల్లలను, హాలు నింపడానికి పరుగులు పెట్టవద్దని, ఒక మట్టినీ రెండు గ్లేజులనూ పట్టుకుని వాటి గుణం తెలిసేదాకా నమూనా బిళ్లలు కాల్చి దాచుకోమని కోరుతున్నాను.

అయితే ఆ బిళ్లలు తరువాత ఎక్కడ కాల్చుకోవాలి? చదువు ముగిశాక పద్నాలుగు నెలలు నేను ఆవం లేకుండా గడిపాను. విద్యుత్ ఆవానికి కావలసిన త్రీఫేజ్ కనెక్షన్‌కు ఇంటి యజమాని ఒప్పుకోలేదు. ఆవం ఉన్న ఒక విద్యాసంస్థను అడిగితే, డబ్బు కడతానన్నా బయటివారికి ఇచ్చే నిబంధన లేదన్నారు. సెలవుల్లో అది నెలల తరబడి చల్లగా పడి ఉండేది. ఆ ఏడాది చేసిన కప్పులన్నీ వానాకాలం చెమ్మకు అంచులు రాలిపోతే, నీళ్లలో నానబెట్టి మళ్లీ ముద్ద చేసుకున్నాను. నాకంటే మంచి చేయి ఉన్న సహాధ్యాయులు ఇద్దరు ఈ దశలోనే పని మానేశారు.

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో కుమ్మరం ఉంది. పనిముట్లకు 15,000 రూపాయల వరకు సాయం, 5 శాతం వడ్డీకి రెండు విడతల్లో మూడు లక్షల రూపాయల దాకా రుణం ఇస్తారు. తరతరాలుగా ఆ వృత్తిలో ఉన్న కుటుంబాలకు అది అందవలసిందే. అందులో వాటా అడగడం నా ఉద్దేశం కాదు. నేను అడుగుతున్నది ఏ ఒక్కరి పేరా ఉండని, పదిమందీ వాడుకునే ఆవం. భోపాల్‌లోని భారత్ భవన్‌లో, చెన్నైలోని లలితకళా అకాడమీ ప్రాంతీయ కేంద్రంలో కళాకారుల కోసం సిరామిక్ స్టూడియోలు ఉన్నాయి. పుదుచ్చేరిలో 1971లో రే మీకర్, డెబొరా స్మిత్ నెలకొల్పిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీలో నేర్చుకున్నవారు ఆ చుట్టుపక్కలే సొంత స్టూడియోలు పెట్టుకోబట్టి ఆ ప్రాంతానికి స్టోన్‌వేర్‌లో అంత పేరు వచ్చింది.

ఉభయ తెలుగు రాష్ట్రాల సాంస్కృతిక శాఖలు హైదరాబాద్, విశాఖపట్నం వంటి చోట్ల ఒక్కొక్క ఉమ్మడి ఆవంతోనైనా మొదలుపెట్టాలి. విద్యుత్ ఖర్చు, పలకల అరుగుదల లెక్కగట్టి, ఘనపుటడుగుకు ఇంత అని రుసుము పెట్టవచ్చు. కుమ్మరి కుటుంబాల యువతకు కూడా అందులో చోటు ఉండాలి. కొత్త ఆవం కట్టేదాకా, కళాశాలలు తమ పూర్వ విద్యార్థులకు రెండేళ్లపాటు సెలవు రోజుల్లోనైనా ఉన్న ఆవాన్ని వాడుకోనివ్వాలి. ప్రమాదాల భయం ఉంటే, శిక్షణ పొందిన ఆపరేటరును పెట్టి, ఎప్పుడు ఏది ఎంత వేడికి కాల్చారో రిజిస్టరులో రాయించవచ్చు.

నా చిన్న ఆవంలో నెలకొకసారి ఒక అరను కొత్తగా చదువు ముగించినవారికి వదులుతున్నాను. అందులో పట్టేవి పన్నెండు కప్పులు. ఈ నెల అడిగినవారు తొమ్మిది మంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
రాజమహేంద్రవరం