వేలిముద్ర వేసినంత మాత్రాన చదువు రానట్టేనా?

సంపాదకులకు నమస్కారం.

అమెరికా తొలినాటి బడుల మీద గత ఆదివారం మీరు వేసిన వ్యాసం చదివాను. మసాచుసెట్స్‌లో 50 ఇళ్లున్న ప్రతి ఊరూ చదవడం, రాయడం నేర్పే పంతుల్ని పెట్టుకోవాలనీ, 100 ఇళ్లయితే లాటిన్ బడి పెట్టాలనీ 1647లో చట్టం వచ్చిందన్నారు. నిజమే. అయితే ఆ చదవడం, రాయడం అప్పట్లో రెండు వేరువేరు చదువులన్న సంగతి అందులో రాలేదు. 32 ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పిన నాకు అదే అసలు సంగతి.

అక్కడ ఆ రోజుల్లో పొరుగింటి పెద్దావిడ ఎవరో తన ఇంట్లోనే పిల్లల్ని కూర్చోబెట్టుకుని, బైబిలు చదువుకోను సరిపడా నేర్పేది. పిల్లల చేతిలో పిడి ఉన్న చిన్న చెక్క. దానికి అక్షరాలూ ప్రార్థనా ఉన్న కాగితం అంటించి, చిరగకుండా పైన పల్చటి కొమ్ము రేకు బిగించేవారు. చూసి చదవడమే, దాని మీద దిద్దేది లేదు. ఈక కలం పట్టడం వేరే విద్య. బెంజమిన్ ఫ్రాంక్లిన్‌ను ఎనిమిదో ఏట లాటిన్ బడిలో వేసిన తండ్రి, ఏడాది తిరక్కుండానే మాన్పించి, రాతా లెక్కలూ నేర్పే బడికి మార్చాడు. ఆడపిల్లల్లో చాలామంది ఆ రెండో బడి గడపే తొక్కలేదు. పుస్తకం చదవగలిగి కూడా పత్రాల మీద పేరుకు బదులు గుర్తు గీసేవారు.

దక్షిణ కరోలినాలో 1740 నాటి చట్టం బానిసలకు రాయడం నేర్పితే 100 పౌండ్ల జరిమానా అంది. చదవడం ఊసు అందులో లేదు. తోట దాటాలంటే యజమాని రాసిచ్చిన చీటీ కావాలి కదా. రాత వస్తే ఆ చీటీ వాళ్లే రాసుకుంటారని భయం!

మా అవ్వది పాకాల దగ్గర పల్లె. పలకా బలపం తమ్ముడివి. పక్కన కూర్చుని వింటూ, చూస్తూ చదవడం పట్టేసింది. ధర్మరాజుల గుడి కాడ భారతం జరిగే రోజుల్లో మధ్యాహ్నం పూట మాకు ఆ కథ పుస్తకం చూసి చదివి వినిపించేది. పొలం రిజిస్ట్రేషన్ నాడు దస్తావేజు మొత్తం చదివి, తూర్పు చెక్కుబందిలో సర్వే నంబరు తప్పని వేలుపెట్టి చూపింది. అదే వేలికి సిరా పూసి ముద్ర వేయించుకుని, కింద ‘చదువురాదు’ అని రాశారు. ఆమె అదీ చదివింది. ఏమీ అనలేదు. నాకు అప్పుడు పదకొండేళ్లు, ఈనాటికీ ఆ ముఖం మరిచిపోలేను.

మన జనగణనలోనూ ఏడేళ్లు దాటినవాళ్లకు చదవడం, రాయడం రెండూ వస్తేనే అక్షరాస్యులు. చదవడం ఒక్కటే వస్తే లెక్కలోకి రారు. కనీసం మన జిల్లాలో వయోజన విద్య సర్వేలు చేసేవారైనా చదవడానికి ఒక గడి, రాయడానికి ఒక గడి విడిగా పెట్టాలి. చదవగలిగినవాళ్లను మళ్లీ ‘అ, ఆ’ల దగ్గర కూర్చోబెడితే రెండో రోజుకే రారు. వాళ్లకు కావలసింది చేతిలో కలం.

మొన్న మా వీధికి వచ్చినవారు సంతకం పెడతావా అని అడిగి వెళ్లిపోయారు. మాకు పూలు పోసే ఆవిడను చదువురానివాళ్లలో రాసుకున్నారు. రోజూ పొద్దున మా అరుగు మీద కూర్చుని మీ పత్రిక చదివేది ఆవిడే.

- ఒక రిటైర్డ్ తెలుగు టీచరు, తిరుపతి