పాత ఫ్యాక్టరీ నేలకు ఈసీ ఒక్కటే చాలదు

సంపాదకులకు,

అయ్యా,

చెన్నైలోని మా అంబత్తూరులో మూతపడిన ఫ్యాక్టరీ షెడ్లు ఒక్కొక్కటిగా కూలి, ఆ స్థలాల్లో అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. మా వీధి చివర అలాంటి ఒక షెడ్డును గత నెలలో జేసీబీతో పడగొట్టారు. ఆస్‌బెస్టాస్ రేకులను విప్పి దింపే ఓపిక లేక అలాగే పగలగొట్టి, ఆ ముక్కలతోనే పల్లం పూడ్చి, పైన ఎర్రమట్టి పోశారు. ముక్కుకు తువ్వాలు కూడా లేకుండా పనిచేసిన కూలీల్లో కొందరు మన శ్రీకాకుళం వారే.

రేకు చెక్కుచెదరనంత కాలం అందులోని రాతినార (ఆస్‌బెస్టాస్) సిమెంటులో బిగిసి ఉంటుంది. విరిగితే కంటికి ఆనని పోగులై గాలిలో కలుస్తుంది. అది మట్టిలో కుళ్లదు, నీటిలో కరగదు కాబట్టి ఎన్నేళ్ల తర్వాత డ్రైనేజీ పైపు కోసం తవ్వినా మళ్లీ పైకి వస్తుంది. ఊపిరితిత్తుల్లో చేరితే మెసోథెలియోమా అనే క్యాన్సర్ బయటపడడానికి 20 నుంచి 40 ఏళ్లు పట్టవచ్చు. ఆస్‌బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డులను 40 ఏళ్లు భద్రపరచాలని 1995లో సుప్రీంకోర్టు ఆదేశించింది. కార్మికుడికి ఆపాటి రికార్డయినా ఉంది, నేలకు అదీ లేదు. ఇల్లు కొనేటప్పుడు మనం ఈసీ (ఆస్తి మీది అప్పులు, లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయిస్తాం, లాయరుకు చూపిస్తాం, వాస్తు సరేసరి. భూమి మీద అప్పుందో లేదో తేలుతుంది గాని, లోపల ఏం పూడ్చారో ఏ కాగితమూ చెప్పదు.

కలుషిత స్థలాల నిర్వహణకు కేంద్రం 2025 జూలైలో నియమాలు తెచ్చింది. అనుమానమున్న స్థలాలను జిల్లా యంత్రాంగం గుర్తించాలి, కాలుష్య నియంత్రణ మండలి పరీక్షించాలి, శుద్ధి ఖర్చు కలుషితం చేసినవారు భరించాలి. మంచిదే, కానీ స్థలం ఆ జాబితాకెక్కే లోపు అక్కడ పునాదులు పడిపోతాయి. అందువల్ల పారిశ్రామిక భూమిని నివాస భూమిగా మార్చే ముందే చెన్నై మహానగర అభివృద్ధి సంస్థ (సీఎండీఏ) మట్టి పరీక్ష నివేదిక అడగాలి. ఆ నివేదిక కొనుగోలుదారులకు స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరా వెబ్‌సైటులోనూ, దాని సారం ఈసీలోనూ కనబడాలి. రేకులను తడిపి, విరగకుండా విప్పి, మూటకట్టి, గుమ్మిడిపూండిలోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి. చదరపు అడుగు ధర పెరిగిపోతుందని బిల్డర్లు అనవచ్చు. ఆ ఖర్చును భూమి అమ్మినవారి ధరలోంచి తగ్గించుకోవడం వారికి తెలియని విద్య కాదు.

మా వీధి చివర స్థలంలో పునాది స్తంభాలు దించే పైలింగు యంత్రం ఇంకా దిగలేదు. మట్టి నమూనాలు తీయడానికి ఇప్పటికీ వ్యవధి ఉంది.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
అంబత్తూరు, చెన్నై