ప్యాడ్ బరువు ఒక్కటే చూడకు

చిన్నీ,

టెంట్‌లో ఒంటి కింద వేసుకునే స్లీపింగ్ ప్యాడ్ కొనడానికి నువ్వు పంపిన మూడు లింకులూ చూశాను. మూడింటి పక్కనా ఎన్ని గ్రాములో రాశావు, ధర రాశావు, నేల చలిని ఎంత ఆపుతుందో చెప్పే ఆర్-వాల్యూ మాత్రం ఒక్కదానికీ రాయలేదు. సెప్టెంబరులో కాలిఫోర్నియా కొండల్లో జాన్ మ్యూర్ ట్రైల్ నడవడానికి వెళ్లేదానివి ముందు చూడాల్సింది అదే కదా తల్లీ! ఆ దారిలో చాలా క్యాంపులు 3,000 మీటర్ల పైనే ఉంటాయి, ఆ నెలలో తెల్లవారేసరికి సీసాలో నీళ్లు గడ్డకట్టడం అక్కడ వింతేమీ కాదు.

స్లీపింగ్ బ్యాగ్ ఎంత ఖరీదైనదైనా నీ ఒంటి కింద ఉన్న భాగం అణిగిపోతుంది, అణిగాక అది పెద్దగా వెచ్చదనం ఇవ్వదు, కాబట్టి నేల చలిని ఆపే పని ప్యాడ్‌దే. మామూలు గాలి పరుపు ఆ పని చేయలేదు. లోపలి గాలి కదులుతూ నీ వేడిని నేలకి చేరవేస్తూనే ఉంటుంది. మంచి ప్యాడ్లలో గాలి అలా తిరగకుండా లోపల చిన్న చిన్న అరలు, వేడిని వెనక్కి పంపే మెరుపు పొరలు పెడతారు. ఆర్-వాల్యూ చెప్పేది అదే, అంకె ఎంత పెద్దదైతే అంత వెచ్చన. పాత రోజుల్లో ఒక్కో కంపెనీ ఒక్కోలా కొలుచుకునేది, 2020 నుంచి పెద్ద కంపెనీలు చాలావరకు ఏఎస్‌టీఎం ఎఫ్3340 అనే ఒకే పద్ధతిలో కొలుస్తున్నాయి కాబట్టి ఇప్పుడు రెండు ప్యాడ్లని పక్కపక్కన పెట్టి పోల్చొచ్చు. నీకు నాలుగుకి తగ్గింది వద్దు.

నా మాట అడిగితే థర్మరెస్ట్ నియోఎయిర్ ఎక్స్‌లైట్ ఎన్‌ఎక్స్‌టీ తీసుకో. ఆర్-వాల్యూ 4.5, బరువు 370 గ్రాముల దగ్గర, మందం 7.6 సెంటీమీటర్లు. ధర రెండొందల డాలర్లు దాటుతుంది, మీ నాన్నకి నేను చెప్తాలే. దీని పాత మోడళ్లు కదిలినప్పుడల్లా చిప్స్ ప్యాకెట్‌లా చప్పుడు చేసేవి, ఇది కొంచెం నయం. మందం గురించి ఎందుకు చెప్తున్నానంటే నువ్వు పక్కకి తిరిగి ముడుచుకుని పడుకుంటావు, పల్చటి ప్యాడ్ అయితే తుంటి నేలకి తగులుతుంది. హిమాచల్ ట్రెక్కుల్లో మాకు ఇచ్చేవి మడతపెట్టే ఫోమ్ మ్యాట్లు, వాటికి పంక్చర్ భయం లేదు, నేను వెల్లకిలా పడుకుంటాను కాబట్టి నాకు బాగానే సరిపోయేవి, నీకు సరిపోవు. వెడల్పు కూడా 51 సెంటీమీటర్లది వద్దు, చేతులు కిందకి జారతాయి. 64ది తీసుకో, పెరిగేది 80 గ్రాములో ఎంతో. ఎలుగుబంట్ల భయానికి తిండి దాచుకుని మోసే డబ్బాయే కిలో దాటుతుంది, టూత్‌బ్రష్ పిడి కోసి బరువు తగ్గించుకునేవాళ్ల మాటలు విని నిద్ర దగ్గర పిసినారితనం చేయకు.

కొన్నాక నోటితో ఊదకు. ఊపిరిలోని తడి లోపల చేరుతుంది, పైగా ఆ ఎత్తులో ఊదితే తల తిరుగుతుంది. దాంతోపాటు వచ్చే పంప్ సంచి వాడు. ముందు గట్టిగా నింపి, పడుకుని, తుంటి నేలకి తగలకుండా ఉండేంతవరకు కొంచెం కొంచెంగా గాలి వదులు. చీకటి పడ్డాక గాలి చల్లబడి ప్యాడ్ మెత్తబడుతుంది, అది పంక్చర్ అనుకుని టెన్షన్ పడకు, పడుకోబోయే ముందు ఇంకాస్త నింపితే చాలు. పగలు మాత్రం నింపిన ప్యాడ్‌ని ఎండలో టెంట్‌లో వదిలేయొద్దు, లోపలి గాలి వేడెక్కి ఉబ్బితే అరల అతుకులు ఊడొచ్చు, అది ప్యాచ్ వేసినా బాగుపడదు.

అక్కడంతా గ్రానైట్ రాళ్లు, పైన్ కాయలు. టెంట్ వేసేముందు నేలని అరచేత్తో తడుముతూ శుభ్రం చేసుకో. మూడు మిల్లీమీటర్ల పల్చటి ఫోమ్ షీట్ ఒకటి ప్యాడ్ కింద వేసుకో, వంద గ్రాముల లోపే ఉంటుంది, ఆర్-వాల్యూలు కలుస్తాయి కాబట్టి కాస్త వెచ్చన కూడా. పగలు కూర్చోడానికీ అదే. చిల్లు పడితే ప్యాడ్‌ని నీళ్లలో ముంచి బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూడు, సరస్సులో సబ్బు కలపకు, ఆ చోటు పూర్తిగా ఆరాక ఆల్కహాల్ వైప్‌తో తుడిచి ప్యాచ్ అంటించు. ప్యాచ్‌లు బ్యాగ్ అడుగున కాకుండా చేతికందేలా పెట్టుకో.

ఈ వారమే ఆర్డర్ పెట్టేసి, వచ్చాక ఇంట్లో నేలమీద వేసుకుని రాత్రంతా పడుకుని చూడు. బాలేకపోతే మార్చుకోడానికి ఇంకా టైముంది. పవర్ బ్యాంక్ గురించి మీ నాన్న విడిగా రాస్తానన్నారు.

అమ్మ