నెగడు ఆరిందో లేదో చేత్తో తాకి చూడు

తల్లీ,

నిన్న ఫోన్‌లో నువ్వు "అమ్మా, వచ్చే శుక్రవారం మేం నలుగురం ఫ్లాగ్‌స్టాఫ్ పైన అడవిలో క్యాంపింగ్‌కు వెళ్తున్నాం, క్యాంప్‌గ్రౌండ్ కాదు, ఉత్త అడవి" అన్నావు. సరే అన్నాను, జాగ్రత్త అన్నాను, ఫోన్ పెట్టేశాను. తర్వాత రాత్రంతా నిద్ర పట్టలేదు. వద్దని చెప్పడానికి రాయడం లేదు, వెళ్ళు, తప్పకుండా వెళ్ళు. కానీ చిన్నప్పటి నుంచి మనం వెళ్ళిన ప్రతిసారీ నువ్వు వెనక సీట్లో నిద్రపోతూ వచ్చి, టెంట్ వేశాక లేచేదానివి, తిరిగి వచ్చేటప్పుడు కూడా అంతే. వెళ్ళే ముందు, అక్కడి నుంచి బయల్దేరే ముందు నేనూ మీ నాన్నా ఏం చేసేవాళ్ళమో నువ్వు పెద్దగా చూడలేదు. ఈసారి ఆ పనులు నువ్వే చేయాలి. మెసేజ్‌లో చెప్తే అవదు, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ఆ అడవిలో డబ్బు కట్టేది లేదు, రిజర్వేషన్ లేదు, గేటు లేదు. కొళాయి ఉండదు, టాయిలెట్ ఉండదు, చెత్తబుట్ట ఉండదు. ఈ అమెరికాలో ప్రభుత్వపు ఫారెస్ట్ సర్వీస్ చేతిలో 154 నేషనల్ ఫారెస్టులు, దాదాపు 19.3 కోట్ల ఎకరాలు ఉన్నాయి. అందులో చాలా చోట్ల ఎవరైనా సరే, ఏ దేశం నుంచి వచ్చినవాళ్ళయినా సరే, ఒక చెట్టు కింద టెంట్ వేసుకుని రోజుల తరబడి ఉండొచ్చు. ఫ్లాగ్‌స్టాఫ్ చుట్టూ మీరు వెళ్ళే కోకోనీనో నేషనల్ ఫారెస్టులో 30 రోజుల్లో 14 రోజుల వరకు. నాకు మొదట్లో ఈ సంగతి నమ్మబుద్ధి కాలేదు. మన దగ్గర రిజర్వు ఫారెస్టులో అనుమతి లేకుండా అడుగుపెడితే కేసు పెడతారు. అడవిలో రాత్రి పడుకోవడం అంటే నాకు తెలిసింది ఒక్కటే, శివరాత్రికి ఆత్మకూరు నుంచి శ్రీశైలం నడిచివెళ్ళే దారి.

నాకు 11 ఏళ్ళప్పుడు మా అవ్వ నన్ను ఆ దారిలో తీసుకెళ్ళింది. వెంకటాపురం దాటి, నాగలూటి మెట్లెక్కి, పెచ్చెరువు దగ్గర రాత్రి ఆగాం. వందల మంది, ఎక్కడ చోటు దొరికితే అక్కడ దుప్పటి పరుచుకుని పడుకున్నారు. నేను చల్లగా ఉంటుందని నీళ్ళకు దగ్గరగా పక్క వేయబోతే అవ్వ చెయ్యి పట్టుకుని లాగేసింది. "రాత్రి నోరులేనివి నీళ్ళకు వస్తాయే, మనం అడ్డం పండుకుంటే అవి యాడికి పోవాల?" అంది. అంత జనం మధ్యకు ఏ జంతువు వస్తుందో నాకు అర్థం కాలేదు, అయినా దూరంగా వెళ్ళి పడుకున్నాం. ఇక్కడికి వచ్చి క్యాంపింగ్ మొదలుపెట్టాక, మన ఆరిజోనా రాష్ట్ర చట్టంలో అదే మాట కనిపించింది. జంతువులకు దగ్గర్లో తాగే నీళ్ళు అవే అయినప్పుడు, వాటికి దారి లేకుండా చేస్తూ ఆ నీటికి పావు మైలు లోపల క్యాంప్ చేయకూడదు. అక్కడి అగ్నిపర్వతపు నేలలో నీళ్ళు నిలవవు, ఇంకిపోతాయి, ఉన్నవల్లా ఆవుల కోసం తవ్విన మట్టి కుంటలే. వాటినే వీళ్ళు ట్యాంక్ అంటారు. మీకు ఏదైనా కుంట కనబడితే ఫోటో తీసుకుని దూరంగా వెళ్ళిపోండి. సాయంత్రం ఎల్క్‌లు, అంటే ఇక్కడి పెద్ద దుప్పులు, అక్కడికే వస్తాయి. వాగు పక్కనయినా, నడకదారి పక్కనయినా కనీసం 200 అడుగులు, అంటే నీ అడుగుల్లో 70, 80 లెక్కపెట్టుకుని అవతల వేసుకోవాలి.

చోటు వెతకడానికి ఫోన్‌ను నమ్ముకోకు. అడవి రోడ్డు మీద రెండు మలుపులు తిరిగితే సిగ్నల్ పోతుంది. రేంజర్ ఆఫీసులో మోటర్ వెహికిల్ యూజ్ మ్యాప్ అని ఒకటి ఉచితంగా ఇస్తారు, రంగులు లేని నలుపు తెలుపు మ్యాప్, చూడ్డానికి ఏమీ బాగుండదు కానీ అదే అసలైనది. అందులో ఉన్న రోడ్డు మీదే కారు నడపాలి, లేని రోడ్డు కళ్ళెదుట కనబడుతున్నా ఎక్కకూడదు. కొన్ని రోడ్ల పక్కన చుక్కలు వేసి ఉంటాయి, క్యాంప్ కోసం కారు కొంచెం లోపలికి తీసుకెళ్ళొచ్చని అర్థం. మిగతా చోట్ల కారు రోడ్డు అంచునే ఉంచి, సామాను మోసుకెళ్ళాలి. సెడోనా చుట్టుపక్కల, ఫ్లాగ్‌స్టాఫ్ ఊరికి మరీ దగ్గరగా చాలా చోట్ల రాత్రి ఉండనివ్వరు, అది కూడా మ్యాప్ ఇచ్చేటప్పుడే అడుగు. అలాగే ఆ రోజు నెగడు వేయనిస్తున్నారా లేదా అని అడగాలి. వానలు పడ్డాక సెప్టెంబరులో మామూలుగా వేయనిస్తారు కానీ మామూలుగా అనే మాట మీద ఉండకు, అడుగు. ముందు రెండు రోజుల్లో గట్టి వాన పడి ఉంటే మట్టి రోడ్డు ఎక్కొద్దు, నీ కారు చిన్నది. ఆ బంకమట్టిలో చక్రం దిగిందంటే మీరు ఇరుక్కుపోవడం ఒక బాధ, ఆ రోడ్డులో పడిన గాడి ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోవడం ఇంకో బాధ.

వెలుగు ఉండగానే చేరండి. టెంపీలో క్లాసు అయిపోయాక బయల్దేరితే చీకటి పడుతుంది, కాబట్టి ఆ మధ్యాహ్నం క్లాసు సంగతి ఏం చేస్తావో చూసుకో. ఎవరో ఒకరు ఇదివరకు దిగిన చోటు, నేల గట్టిపడి, రాళ్ళ పొయ్యి ఉన్న చోటు దొరుకుతుంది, అక్కడే దిగండి. పచ్చగడ్డి మైదానం అందంగా ఉందని దాని మధ్యలో కారు పెట్టొద్దు. టెంట్ వేసే ముందు తలెత్తి చూడు. ఎండిపోయిన చెట్టు గానీ, వేలాడే కొమ్మ గానీ ఉంటే ఆ కింద వద్దు, ఆ ఎత్తులో గాలి చెప్పి రాదు.

టాయిలెట్ గురించి కూడా రాస్తాను, సిగ్గుపడకు. చిన్న పార తీసుకెళ్ళు. నీళ్ళకు, దారికి, టెంట్లకు దూరంగా వెళ్ళి 6 నుంచి 8 అంగుళాల లోతు గుంట తవ్వి, పని అయ్యాక మట్టితో పూడ్చాలి. కాగితం మాత్రం అందులో వేయొద్దు, జంతువులు తవ్వి బయట పడేస్తాయి, ఆ పొడి నేలలో తొందరగా మట్టిలో కలవదు. కాగితాలు, ప్యాడ్లు అన్నీ రెండు జిప్‌లాక్ కవర్లలో పెట్టి, పైన నల్ల సంచి కట్టి ఇంటికి తెచ్చేయండి. కాల్చేద్దాం అని ఎవరైనా అంటే అస్సలు ఒప్పుకోకు. 2022 జూన్‌లో ఫ్లాగ్‌స్టాఫ్ దగ్గర పైప్‌లైన్ ఫైర్ అనే కార్చిచ్చు వచ్చింది కదా, 26 వేల ఎకరాలు దాటి కాలింది. ఒక మనిషి తన క్యాంప్‌లో టాయిలెట్ పేపర్ కాల్చాడు, దానికే.

ఇప్పుడు నీకు ఇన్నేళ్ళుగా చెప్పని సంగతి చెప్తాను. నీకూ అప్పుడు 11 ఏళ్ళే. అక్టోబరు నెల, బాగా చలి, రాత్రి చాలాసేపు నెగడు వేసుకుని కూర్చున్నాం, నువ్వు నా ఒళ్ళోనే నిద్రపోయావు. పొద్దున్న లేచి చూస్తే అంతా తెల్లటి బూడిద. మీ నాన్న ఒక సీసా నీళ్ళు పోశారు, చుయ్ మంది, అయిపోయిందనుకున్నాం. సామాను సర్దుకుని బయల్దేరాం, నిన్ను ఎత్తుకుని కారులో పడుకోబెట్టాను. తారు రోడ్డు దాకా వచ్చేశాక మీ నాన్న "నువ్వు చేత్తో చూశావు కదా?" అన్నారు. నేను చూడలేదు. ఆయన చూశారని నేను అనుకున్నాను, నేను చూశానని ఆయన అనుకున్నారు. కారు వెనక్కి తిప్పాం. 6 మైళ్ళ మట్టి రోడ్డు, అంతకుముందు రాని గాలి అప్పుడే మొదలైంది, ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. వెళ్ళి చూస్తే రాళ్ళ అవతల పైన్ ఆకులు జానెడు మేర గోధుమ రంగుకు తిరిగి, కింద నుంచి సన్నగా పొగ వస్తోంది. మంట లేదు. పైకి ఏమీ లేదు, లోపల ఒక వేరు పట్టుకుని రాజుకుంటోంది. మిగిలిన తాగేనీళ్ళు రెండు క్యాన్లూ పోసేశాం, పారతో తవ్వి తిరగేశాం, మళ్ళీ పోశాం, గంటన్నర పట్టింది. నువ్వు కారులో నిద్రపోతూనే ఉన్నావు. ఆ రోజు మేం తిరిగి వెళ్ళకపోయుంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపులో తిప్పుతుంది.

2010లో అక్కడికి దగ్గర్లోనే ఏమయిందో ఆ తర్వాత చదివాను. జూన్ 20న షుల్ట్జ్ ఫైర్ మొదలైంది, కారణం ఎవరో సరిగ్గా ఆర్పకుండా వదిలేసి వెళ్ళిన నెగడు. దాదాపు 15 వేల ఎకరాలు కాలిపోయాయి. అక్కడితో పోలేదు. కొండ మీద చెట్లు, ఆకులు పోయేసరికి నేలకు నీళ్ళు పట్టుకునే శక్తి పోయింది. సరిగ్గా నెల తిరిగేసరికి, జూలై 20న పడ్డ వానకు కొండ మీది నీళ్ళన్నీ బురదతో, దుంగలతో ఒక్కసారి కింది ఇళ్ళ మీద పడ్డాయి. ఆ వరదలో 12 ఏళ్ళ పాప కొట్టుకుపోయి చనిపోయింది. నెగడు వదిలి వెళ్ళినవాళ్ళు ఎవరో గానీ, వాళ్ళు కూడా మాలాగే పొద్దున్నే తెల్లటి బూడిద చూసి అయిపోయిందనుకుని ఉంటారని నాకు అనిపిస్తుంది. ఆ పాప వయసు, అప్పటి నీ వయసు పక్కపక్కన పెట్టి ఆలోచించకుండా ఉండలేకపోయాను.

అందుకని నెగడు చిన్నదిగా వేయండి, పాత రాళ్ళ పొయ్యిలోనే, చుట్టూ పైన్ ఆకులు మట్టి కనబడే దాకా ఊడ్చేసి. గాలి ఉంటే ఆ రాత్రి నెగడు మానేయండి, జాకెట్లు వేసుకుని కూర్చున్నా కబుర్లకు లోటు ఉండదు. నెగడు కోసమని తాగేనీళ్ళు కాకుండా వేరే 5 గ్యాలన్ల క్యాన్ ఒకటి ఉండాలి. పొద్దున్న బయల్దేరడానికి గంట ముందే మొదలుపెట్టు. నీళ్ళు పోసి, పారతో కలుపు, మళ్ళీ పోసి, మళ్ళీ కలుపు. తర్వాత అరచేతి వెనక వైపు దగ్గరగా పెట్టి వేడి తగలకపోతే, అప్పుడు వేళ్ళతో తాకి చూడు. వెచ్చగా ఉన్నా ఆరనట్టే. ఆ పని ఎవరిదో ముందురాత్రే పేరు పెట్టి చెప్పుకోండి, అందరి పని అనుకుంటే ఎవరూ చూడరు. ఇంకెవరూ లేకపోతే నువ్వు చూడు.

తిండి, సబ్బు, టూత్‌పేస్టు, వాసన వచ్చేది ఏదైనా రాత్రి కారులో పెట్టి తలుపులు వేయండి, టెంట్‌లో వద్దు, అక్కడ నల్ల ఎలుగుబంట్లు ఉన్నాయి. తాగడానికి మనిషికి రోజుకు కనీసం 4 లీటర్లు ఇక్కడి నుంచే తీసుకెళ్ళాలి. 7,000 అడుగుల ఎత్తులో నీళ్ళు 93 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, అన్నం సరిగ్గా ఉడకదు, కాబట్టి అక్కడ అన్నం వండుకుందాం అనే ఆలోచన పెట్టుకోవద్దు. టెంపీలో 38 డిగ్రీలు ఉన్న రోజున కూడా అక్కడ తెల్లవారుజామున 5, 6 డిగ్రీలకు దిగుతుంది, ఆ పల్చటి దుప్పటి చాలదు, నా స్లీపింగ్ బ్యాగ్ తీసుకో. సెప్టెంబరులో బాణాలతో ఎల్క్ వేటకు వచ్చేవాళ్ళు ఉంటారు, చీకటితోనే చెట్లలో తిరుగుతుంటారు, నడకకు వెళ్తే మట్టిరంగు బట్టలు కాకుండా కొట్టొచ్చినట్టు కనబడే రంగు వేసుకో. మగ ఎల్క్‌లు ఈ నెలలో కోపంగా ఉంటాయి, ఎంత దూరం నుంచి కనబడితే అంత దూరం నుంచే చూడండి. నేల మీద రంగు గీతలున్న కుండపెంకులు కనబడొచ్చు, వందల ఏళ్ళ కిందట అక్కడ బతికినవాళ్ళవి. చేతిలోకి తీసుకుని చూడాలనిపించినా ఎక్కడివి అక్కడే ఉంచు. శ్రీశైలం కొండ మనకు ఎట్లాగో ఫ్లాగ్‌స్టాఫ్ పైన కనబడే ఆ శిఖరాలు ఇక్కడి ఆదివాసులైన హోపీ, నవాహో వాళ్ళకు అట్లా, అక్కడ గట్టిగా పాటలు పెట్టొద్దని నీ స్నేహితులకు నువ్వే చెప్పాలి.

ఇన్ని భయాలు రాశాను గానీ, ఆ రాత్రి ఎంత బాగుంటుందో నీకు తెలుసు. చిన్నప్పుడు నువ్వు పాండరోసా పైన్ బెరడు పగుళ్ళలో ముక్కు పెట్టి "అమ్మా, ఐస్‌క్రీం వాసన" అని చెట్టు చెట్టుకూ పరిగెత్తేదానివి. ఎండ బాగా పడే వైపు పెట్టి చూడు, ఇప్పటికీ వస్తుంది. చీకటి పడ్డాక ఎల్క్ అరుపు మొదలవుతుంది, ఈలలాగా సన్నగా లేచి ఒక్కసారి కిందికి జారిపోతుంది, మొదటిసారి విన్నప్పుడు నీ స్నేహితులు భయపడతారు, ముందే చెప్పు. ప్రపంచంలో మొట్టమొదట డార్క్ స్కై సిటీ, అంటే రాత్రి ఆకాశాన్ని దీపాల వెలుగు చెరపకుండా చూసుకునే ఊరు అని పేరొచ్చింది ఫ్లాగ్‌స్టాఫ్‌కే, 2001లో, ఊళ్ళోనే అన్ని చుక్కలు కనబడితే అడవిలో ఎన్ని కనబడతాయో చూడు. అర్ధరాత్రి మెలకువ వస్తే టెంట్ జిప్పు తీసి తూర్పు వైపు చూడు, పిల్లలకోడి, అదే కృత్తికల చుక్కల గుంపు, పైకి వచ్చి ఉంటుంది. పెచ్చెరువు దగ్గర అవ్వ నాకు చూపించింది అదే.

ఒక్క విషయం మాత్రం నా కోసం చెయ్యి. ఏ రోడ్డు నంబరు మీద, ఎన్నో మైలు దగ్గర దిగుతున్నారో సిగ్నల్ ఉండగానే పంపు. మనసు మార్చుకుని ఇంకో రోడ్డుకు వెళ్తే, మళ్ళీ సిగ్నల్ దాకా వచ్చి అదీ పంపు. ఆదివారం సాయంత్రం 4 గంటల దాకా నేను ఎదురుచూస్తాను, 6 దాకా ఓర్చుకుంటాను, ఆ తర్వాత షెరీఫ్ ఆఫీసుకు ఫోన్ చేస్తాను, అడవిలో తప్పిపోయినవాళ్ళను వెతికేది ఇక్కడ వాళ్ళే.

గురువారం సాయంత్రం ఇంటికి రా. పార, నీళ్ళ క్యాన్లు, స్లీపింగ్ బ్యాగ్ గరాజ్‌లో తలుపు పక్కనే పెట్టాను. శుక్రవారానికి పులిహోర, శనివారానికి చపాతీలు, ఉల్లికారం కట్టి ఇస్తాను. పాత మ్యాప్ కూడా అక్కడే ఉంది, దాని మీద మనం దిగే చోట పెన్సిల్‌తో చుక్క పెట్టాను. రేంజర్ ఆఫీసులో కొత్త మ్యాప్ ఇస్తే అదే వాడు, మీరు అక్కడికే వెళ్ళాలని కూడా లేదు. కానీ ఎక్కడికి వెళ్ళినా, వచ్చాక ఆ పాత మ్యాప్ మీద నీ చుక్క కూడా పెట్టి నాకు తెచ్చి ఇవ్వు.

అమ్మ