గంటకు 12 నిమిషాలే అన్నారు కదా, మంత్రి గారూ!

గౌరవనీయులైన కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి గారికి,

నమస్కారం. పశ్చిమ గోదావరి జిల్లా తణుకు నుంచి ఒక టీవీ ప్రేక్షకురాలు రాస్తున్న ఉత్తరం ఇది. సీరియళ్లు ఆపేయించండనో, రియాలిటీ షోలు నిషేధించండనో అడగడానికి రాయడం లేదు. అలాంటి ఉత్తరాలు మీకు కుప్పలుగా వచ్చి ఉంటాయి. నేను సీరియళ్లు చూస్తాను, ఇష్టంగానే చూస్తాను. దీపాలు పెట్టే వేళకి మా ఇంట్లో రిమోట్ మా అత్తగారి చేతికి వెళ్తుంది, మళ్లీ పడుకునేటప్పుడే బల్ల మీదికి వస్తుంది. చూసేవాళ్లం కాబట్టి మాకు నచ్చేవీ నచ్చనివీ ఉంటాయి. వాటి గురించి చెప్పుకోవడానికి, మా టైమ్ వృథా కాకుండా చూడడానికి మీ శాఖ ఎప్పుడో రూల్స్ రాసి పెట్టింది. అవి మా టీవీ దాకా రావడం లేదు. నా గొడవంతా దాని గురించే.

ముందు మేం చూస్తున్న వాటి సంగతి చెప్పనివ్వండి. ఈమధ్య మా ఇంట్లో అందరం కలిసి కూర్చున్నది ‘గుండెనిండా గుడిగంటలు’కి. కారు నడుపుకునే బాలు, పూలమ్ముకునే మీనా. తమిళం నుంచి వచ్చిన కథే, అయినా ఇందులో మనుషులు డబ్బుకి ఇబ్బంది పడతారు, ఆ మాట పైకి అనుకుంటారు. తెలుగు సీరియళ్లలో ఇది అరుదు. మిగతా వాటిలో ఇల్లంటే రెండు వైపులా మెట్లు దిగే బంగళా. అత్తగారు వంటింట్లోకి కూడా పట్టుచీరతోనే వెళ్తుంది. కొడుకు ‘కంపెనీ’కి వెళ్తాడు, అది దేని కంపెనీయో ఏళ్ల తరబడి చూసినా తెలీదు. ఒక ఫైలు మీద సంతకం పెట్టించుకుంటే చాలు, ఆస్తంతా విలన్ పేరు మీదికి వెళ్లిపోతుంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు మెట్లెక్కిన వాళ్లెవరైనా ఆ సీనుకి నవ్వకుండా ఉండలేరు.

అరువు కథల మీద నాకు కోపం లేదు. 2017లో మొదలైన ‘కార్తీక దీపం’ మలయాళం నుంచి వచ్చింది. వంటలక్కని మనవాళ్లు సొంత ఆడపడుచులా చూసుకున్నారు. డాక్టర్ బాబు అనుమానం తీరడానికి ఎన్నేళ్లు పట్టిందో రెండు రాష్ట్రాలకీ తెలుసు. ‘బ్రహ్మముడి’ది బెంగాలీ మూలం. బాగానే ఆడాయి. కాకపోతే తెలుగులో కథలు రాసేవాళ్లు ఇంతమంది ఉండగా, మన అత్తాకోడళ్లు ఏమని పోట్లాడుకోవాలో కూడా పక్క రాష్ట్రంలో నిర్ణయం కావడం ఏమిటా అనిపిస్తుంది. తగవులాడుకోవడం మనకి ఒకరు నేర్పాలా!

బిగ్ బాస్ గురించి రెండు ముక్కలు. 2017లో జూనియర్ ఎన్టీఆర్‌తో మొదలై, నాని చేతికి వెళ్లి, 2019 నుంచి నాగార్జున గారి దగ్గర స్థిరపడి, 2025లో తొమ్మిదో సీజన్ దాకా వచ్చింది. మొదటిది 70 రోజులు, ఇప్పుడు వంద దాటింది. తొమ్మిదో సీజన్‌లో సామాన్యులకి చోటన్నారు, దానికోసం ముందుగా ‘అగ్నిపరీక్ష’ అని ఇంకో పోటీ పెట్టారు. ఆలోచన మంచిదే. కానీ ఆ ఇంట్లో అడుగుపెట్టిన కొన్నాళ్లకే సామాన్యులూ కెమెరా ఎటుందో చూసుకుని ఏడవడం నేర్చేసుకున్నారని నా అభిప్రాయం. ఇంకో సంగతి. మమ్మల్ని ఓటు అడిగే షో ఇది. మా అత్తగారు మిస్డ్ కాల్ ఇవ్వడానికి ఫోన్ పట్టుకుని తయారుగా కూర్చుంటారు. వారం వారం ఎవరికెన్ని ఓట్లు పడ్డాయో మాత్రం తెరమీద వేయరు. పంచాయతీ ఎన్నికల్లో కూడా లెక్క చెప్తారు కదండీ.

మనసారా మెచ్చుకునేది కూడా ఉంది. పాటల పోటీ ‘పాడుతా తీయగా’ 1996 నుంచి నడుస్తోంది. 2020లో గాయకుడు ఎస్పీ బాలు గారు పోయాక ఇక ఉండదనుకున్నాం, ఆయన కొడుకు చరణ్ గారు అందుకున్నారు. ఒక పిల్ల ‘శ’ని ‘ష’గా పలికితే ఆపి, సరిదిద్ది, మళ్లీ పాడించే అలవాటు బాలు గారు పెట్టింది. అలా సరిదిద్దే చోటు తెలుగు టీవీలో ఇంకెక్కడుందో వెతికి చూడండి. చిన్నపిల్లల డాన్సు పోటీల్లో పరిస్థితి వేరు. వయసుకి తగని పాటలు, ఆ పాటలకి తగ్గ కదలికలు, పక్కన జడ్జిల ఈలలు. పిల్లల్ని అసభ్యంగా చూపించొద్దని 2019 జూన్‌లో మీ శాఖే చానళ్లకి సూచన పంపింది. ఆ కాగితం ఇప్పుడు ఎవరి సొరుగులో ఉందో?

ఇక అసలు విషయానికి వస్తాను.

కోడలు హారతి పళ్లెం పట్టుకుని గుమ్మంలోంచి వస్తుంది. ఆడపడుచు కాలు అడ్డం పెడుతుంది. పళ్లెం గాల్లోకి లేస్తుంది. అత్తగారి మొహం, మామగారి మొహం, తోడికోడలి మొహం, ఒక్కొక్కటీ మూడేసి సార్లు, ఉరుము చప్పుడుతో. పళ్లెం గాల్లో ఉండగానే బ్రేక్. సబ్బు, నగల షాపు, మసాలా పొడి, మళ్లీ అదే సబ్బు, ఆ తర్వాత అదే చానల్లో ఆదివారం రాబోయే షో ప్రోమో. తిరిగొచ్చేసరికి కోడలు మళ్లీ గుమ్మం దగ్గరే ఉంటుంది, పళ్లెం మళ్లీ చేతిలోనే. ఈలోగా నేను కుక్కర్ ఎక్కించి, మూడు విజిల్స్ రానిచ్చి దింపి వస్తాను. ఏమీ మిస్సవను.

కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ రూల్స్, 1994లో ఏడో రూలు చూడండి. గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు వేయకూడదు. అందులో వ్యాపార ప్రకటనలు 10 నిమిషాలు, చానల్ సొంత ప్రచారం 2 నిమిషాలు. ఆ లెక్కన అరగంట సీరియల్‌లో కథ 24 నిమిషాలు ఉండాలి. అదే ఎపిసోడ్‌ని ఫోన్లో యాప్ తెరిచి చూడండి. ఇరవై, ఇరవై రెండు నిమిషాలు చూపిస్తుంది. అందులోనే నిన్నటి కథ, టైటిల్ పాట, రేపటి ప్రోమో. మిగతా టైమంతా ఎటు పోయిందో చెప్పడానికి స్టాప్‌వాచ్ అక్కర్లేదు.

కోర్టు కేసు గురించి తెలియక రాస్తున్నానని అనుకోకండి. టెలికాం, ప్రసారాల నియంత్రణ సంస్థ ట్రాయ్ ఈ పరిమితిని గట్టిగా అమలు చేయబోతే 2013లో చానళ్లు ఢిల్లీ హైకోర్టుకి వెళ్లాయి, కఠిన చర్యలు తీసుకోవద్దని కోర్టు చెప్పింది. ప్రకటనలే మా తిండి అని చానళ్ల వాదన. ఊరికే వచ్చే చానల్ ఆ మాటంటే సరే అనుకుంటాను. మేం నెలనెలా డబ్బు కట్టి చూసే పే చానళ్లు కూడా అదే మాట అంటే ఎలా? మా కేబుల్ అబ్బాయి ఒక్క నెల ఆగడు. డబ్బులూ మేమే కట్టాలి, సబ్బూ మేమే చూడాలి. పన్నెండేళ్లకు పైబడిన ఈ వ్యవహారాన్ని తేల్చమని కోర్టుని అడగడానికి ప్రభుత్వానికి లాయర్లు లేరా?

కథలు ఇలా ఎందుకు సాగుతాయో కూడా మీకు తెలియంది కాదు. ఏ షోని ఎంతమంది చూశారో లెక్కగట్టే బార్క్ సంస్థ రేటింగ్స్ గురువారం వస్తాయి. రేటింగ్ బాగుంటే పెళ్లి ఇంకో నెల వాయిదా, పడిపోతే హీరోయిన్‌కి యాక్సిడెంట్. ఆ రేటింగ్ ఎవరిది? దేశంలో దాదాపు 23 కోట్ల ఇళ్లలో టీవీలుంటే, ఏం చూస్తున్నారో నమోదు చేసే మీటర్లు పెట్టింది సుమారు 58,000 ఇళ్లలోనని 2025లో మీ శాఖ స్వయంగా ప్రకటించింది. నూటికి పావు కాదు, అందులో పదో వంతు. మీటర్లు పెంచాలన్న మీ ఆలోచన బాగుంది. అయితే మీటర్‌కి తెలిసేది ఏ చానల్ ఆన్ చేసి ఉంది, ఇంట్లో ఎవరు చూస్తున్నారు అన్నంత వరకే. మా అత్తగారు టీవీ ముందు కూర్చుని విలన్‌ని తిడుతున్నారా, రచయితని తిడుతున్నారా దానికేం తెలుసు?

అది తెలియాలంటే ఫిర్యాదు ఉండాలి. దానికీ మీరు రూలు పెట్టారు, 2021 జూన్‌లో. ప్రేక్షకుడు ఫిర్యాదు చేస్తే 24 గంటల్లో అందిందని చానల్ చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి. నచ్చకపోతే చానళ్ల స్వీయ నియంత్రణ సంస్థకి వెళ్లొచ్చు, అక్కడా కాకపోతే మీ దగ్గరికే రావొచ్చు. కాగితం మీద ఇంతకన్నా ఏం కావాలి?

నేను ప్రయత్నించాను. ఒక సీరియల్‌లో స్వామీజీ వచ్చి, ఈ పిల్ల జాతకం వల్ల మొగుడికి గండం అంటాడు. పాముల కథలు, దెయ్యాల కథలు నాకు అభ్యంతరం లేదు, అవి చందమామ కథల్లాంటివి, చిన్నపిల్లలు కూడా నమ్మరు. ఇది అలా కాదు. స్వామీజీ చెప్పినట్టే ఆ మొగుడికి ప్రమాదం జరిగింది, అత్త ఆ పిల్లని బయటికి గెంటింది, కథ కూడా స్వామీజీ మాటే నిజమంది. ఇలాంటి మాట మీద నిజంగానే పుట్టింటికి వచ్చేసిన ఆడపిల్లలు మా వీధిలో ఉన్నారు. మూఢనమ్మకాల్ని ప్రోత్సహించే కార్యక్రమాలు వేయకూడదని ఆ 1994 రూల్స్‌లోనే, కార్యక్రమాలు ఎలా ఉండాలో చెప్పే ప్రోగ్రామ్ కోడ్‌లో రాసి ఉంది. ఆ సంగతే తెలుగులో రాసి, ఎపిసోడ్ తేదీ వేసి చానల్‌కి మెయిల్ పెట్టాను. ఇంగ్లీషులో ఒక లైను జవాబొచ్చింది, థాంక్యూ అని. దేని గురించి రాశానో కూడా అందులో లేదు. ఆ తర్వాత ఇంకేమీ లేదు.

ఫిర్యాదులుంటే ఫలానా చోటికి రాయండని తెర కింద అప్పుడప్పుడూ ఒక స్క్రోలింగ్ వెళ్తుంది. మేం చూసే చానల్లో అది ఇంగ్లీషులో, చీమంత అక్షరాల్లో, చదివేలోగా దాటిపోయే స్పీడులో వెళ్తుంది. నగల షాపు ఫోన్ నంబరు మాత్రం తెరలో సగం ఉంటుంది, కళ్లజోడు లేకుండా మా మామగారు చదివేస్తారు. నేను అడిగేది చాలా చిన్నది. ఆ స్క్రోలింగ్‌ని తెలుగులో, నగల షాపు నంబరంత సైజులో, సీరియల్ నడుస్తుండగా వేయమనండి. తెలుగులో వచ్చిన ఫిర్యాదుకి తెలుగులోనే జవాబివ్వమనండి. ఏ ఫిర్యాదు మీద ఏం చేశారో నెలకోసారి తెర మీదే చెప్పమనండి.

ఇంకొకటి, మా ఇంటి అవసరం. మా అత్తగారికి వినికిడి తగ్గింది. సౌండ్ పెంచితే పక్కింటి వాళ్లకి ఇబ్బంది, తగ్గిస్తే ఆవిడ మమ్మల్ని అడుగుతారు, “ఏమందే, ఏమందే” అని. మేం చెప్పేలోగా ఇంకో డైలాగు అయిపోతుంది. సినిమాలు ఫోన్లో చూస్తే కింద మాటలు పడతాయి, టీవీలో పడవు. వినికిడి లోపం ఉన్నవాళ్ల కోసం సబ్‌టైటిళ్లు, సైగల భాష ఉండాలని 2019లో మీ శాఖే ప్రమాణాలు తెచ్చింది. తెలుగు సీరియల్‌లో తెలుగు అక్షరాలు మేమింకా చూడలేదు. డైలాగులు ముందే రాసుకుంటారు కదా, వాటిని తెర మీద వేయడానికి అంత కష్టమేముంది? పాత సినిమాల కన్నా సీరియల్‌కే ఇది ముందు కావాలి. మా అత్తగారి వయసు వాళ్లు రోజూ చూసేది సీరియళ్లే.

ఈ పని ఎలా చేయాలో ప్రైవేటు చానళ్లకి చూపించాలంటే మీ చేతిలో దూరదర్శన్ ఉంది. 1977లో హైదరాబాద్ కేంద్రం మొదలైంది, ఇప్పుడు సప్తగిరి, యాదగిరి అని రెండున్నాయి. దూరదర్శన్‌ని నడిపే ప్రసార భారతి స్వతంత్ర సంస్థ అంటారు, తెలుసు. అయినా ఒక్క తెలుగు కథ, తెలుగువాళ్లు రాసింది, యాభై ఎపిసోడ్లలో అయిపోయేది, కింద తెలుగు అక్షరాలతో, గంటకు 12 నిమిషాల లోపు యాడ్లతో తీయించి చూడండి. ఆ యాభై ఎపిసోడ్లకీ మా ఇంట్లో రిమోట్ దాని దగ్గరే ఆగుతుందని మా అత్తగారి తరఫున నేను మాటిస్తున్నాను. కథ బాగుంటేనే సుమండీ.

ఈ ఉత్తరం కాపీ నాకు థాంక్యూ చెప్పిన ఆ చానల్ ఫిర్యాదుల అధికారికి కూడా పంపుతున్నాను. 15 రోజుల లెక్క ఇవాళ్టి నుంచి.

ఇట్లు,
ఒక టీవీ ప్రేక్షకురాలు,
తణుకు